పాత రంగులరాట్నం గుర్రాలకు చెక్కడం ఒక పక్కే ఎక్కువగా ఎందుకు ఉంటుంది?

బయట నిలబడి చూసేవాళ్ళకు కనిపించేది ఆ ఒక్క పక్కే కాబట్టి జూలు, పూలు, జీను మీది నగిషీ అంతా అటే చెక్కేవారు. అన్నీ చేత్తో చెక్కే రోజులవి, లోపలి పక్కకీ అంతే పనితనం పెడితే ఖర్చు బాగా పెరిగేది. అమెరికాలో ఇవి గడియారం ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతాయి, అందుకే అక్కడ గుర్రానికి కుడి పక్క అందం. బ్రిటన్‌లో ముళ్ళ దిశలోనే తిరుగుతాయి కనుక ఎడమ పక్క. ఉదాహరణకు, అమెరికాలోని స్పోకేన్ నగరం రివర్‌ఫ్రంట్ పార్కులో చార్లెస్ లూఫ్ 1909లో చేసిన రంగులరాట్నం ఇప్పటికీ ఉంది, దాని గుర్రాల పనితనం చూడాలంటే బయటి పక్క నుంచే చూడాలి, నిజంగా అద్భుతం. లోపలి పక్క అరిగిపోయిందనో, రిపేర్లలో పాడైందనో చాలామంది అనుకుంటారు. అది తప్పు, మొదట్నుంచీ దాన్ని సాదాగానే వదిలేశారు.