ఆరు నెలల ఇల్లు

ప్రశ్న: ఆరు నెలల్లో ఇల్లు పూర్తవుతుందని లెక్క వేసుకున్నాను. ఏడాదిన్నర దాటింది, ఇంకా టైల్స్ పని మిగిలే ఉంది. ఒకటే టెన్షన్. నాకు ప్లానింగ్ చేతకాదా మేడమ్?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఒక్కరికే కాదండీ. మనిషి ప్రవర్తనపై పుస్తకాలు రాసి, 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న సైకాలజిస్టు డేనియల్ కానెమన్ కూడా ఇక్కడే పొరపడ్డారు. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల కోసం ఒక పాఠ్యపుస్తకం రాయించాలని బృందాన్ని కూడగట్టారు. ఎన్నాళ్లు పడుతుందో ఎవరికి వారు కాగితం మీద రాయమంటే, అందరూ రెండేళ్లకు అటూఇటూగా రాశారు. ఆ గదిలోనే ఉన్న అనుభవజ్ఞుణ్ని, ఇలాంటి బృందాలకు నిజంగా ఎంత పట్టిందని అడిగారు. ఏడు నుంచి పదేళ్లు అన్నాడాయన. కానీ ఆయన కాగితం మీద కూడా రెండేళ్లే! చివరికి ఎనిమిదేళ్లు పట్టింది. ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’లో కానెమన్ ఇదంతా దాచకుండా రాశారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

మేస్త్రీని ‘ఇంకెన్నాళ్లు?’ అని అడగకండి. ఇంతకుముందు కట్టిన మూడు ఇళ్లకు టైల్స్ నుంచి గృహప్రవేశం దాకా ఎన్నాళ్లు పట్టిందో అడగండి. ఆ తర్వాతే ముహూర్తం పెట్టించుకోండి.