కారు మెరుపుకి కూడా అప్పేనా?

ప్రశ్న: ఐదేళ్ల లోన్ మీద కొత్త కారు తీసుకుంటున్నాం. సిరామిక్ కోటింగ్ (మెరుపు కోసం, రక్షణ కోసం పెయింట్ మీద వేసే పూత) వేయించుకుంటే ఆ ఖర్చూ లోన్‌లోనే కలిపేస్తామని షోరూం వాళ్లు అంటున్నారు. మావారేమో డీటెయిలింగ్ కిట్ (కారు కడిగి మెరిపించే సామాన్ల సెట్) కొంటే ఇంట్లోనే చేసుకోవచ్చు అంటున్నారు. అందులో పదిహేను సీసాలున్నాయి. మా కారు రోజంతా ఆరుబయట, చెట్టు కింద ఉంటుంది. ఏది మేలు?

జవాబు: లోన్‌లో మాత్రం కలపకండి. కోటింగ్ రెండు మూడేళ్లకే అరిగిపోవచ్చు, దాని మీద వడ్డీ మాత్రం 60 నెలలూ కడతారు. అన్నేళ్లు, ఇన్నేళ్లు అని వారంటీ చూపిస్తారు కానీ, ఏటా తమ దగ్గరే చెకప్ చేయించుకోవాలన్న షరతు చాలావాటిలో ఉంటుంది. ఆ చెకప్‌కి ఎంతో అడగండి. కోటింగ్ ఉన్నా రాయి తగిలితే పెయింట్ లేస్తుంది, కారు కడుక్కోవాల్సిన పనీ తప్పదు.

కిట్ కూడా వద్దంటాను. పదిహేనింటిలో మీరు వాడేవి నాలుగో అయిదో. కొత్త కారుకి రబ్బింగ్ కాంపౌండ్ (గీతలు పోయేలా పైపొరని అరగదీసే పేస్ట్) ఎందుకు చెప్పండి? పెయింట్ మీది క్లియర్ కోట్ (రంగుని కాపాడే పారదర్శక పొర) మందం సాధారణంగా 40-50 మైక్రాన్లు, ఇంచుమించు తల వెంట్రుకంత. కాంపౌండ్ రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది, మళ్లీ రాదు. డబ్బు పెట్టి ఆస్తి తరుగు కొనుక్కున్నట్టే. టైర్ షైన్ మీ సరదా. వద్దనను, అవసరమని మాత్రం చెప్పను.

విడిగా కొనాల్సినవి: పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూ, వాష్ మిట్ (చేతికి తొడుక్కుని కడిగే మెత్తటి తొడుగు), రెండు బకెట్లు (ఒకటి నురగకి, ఒకటి మిట్ జాడించడానికి), మంచి మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక సీలెంట్ (పెయింట్‌ని కాపాడేందుకు మనమే పట్టించుకునే పూత). గిన్నెల సబ్బుతో కడిగితే వేసిన వ్యాక్స్ కూడా పలచబడిపోతుంది. గుడ్డల మీద పిసినారితనం వద్దు, గరుకు గుడ్డ గీసే గీతలు తీయించడానికే ఎక్కువవుతుంది. షాంపూ ధర చూసేటప్పుడు సీసా ధర కాదు, నీళ్లలో కలిపాక ఒక్కో వాష్‌కి ఎంత పడుతుందో లెక్కేయండి. పైపు పట్టే వీలు లేకపోతే ఒక్క బకెట్‌తో సరిపోయే రిన్స్‌లెస్ వాష్ (మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేని షాంపూ) చూడండి. మట్టి బాగా పట్టిన రోజున మాత్రం దాన్ని వాడొద్దు.

వ్యాక్సా, సీలెంటా అన్నది కూడా లెక్కతోనే తేలుతుంది. ధరని అది నిలిచే నెలలతో భాగించండి. కార్నౌబా వ్యాక్స్ (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మైనం) మెరుపు బాగుంటుంది కానీ ఎండలో కొన్ని వారాలే. సింథటిక్ సీలెంట్ కొన్ని నెలలు ఆగుతుంది. పొద్దస్తమానం ఆరుబయట ఉండే మీ కారుకి సీలెంటే.

చెట్టు కింద అన్నారు కాబట్టి, మీకు ఎక్కువ ఆదా చేసేది డిక్కీలో ఉంచుకునే ఒక క్విక్ డీటెయిలర్ (అప్పటికప్పుడు కొట్టి తుడిచే స్ప్రే) సీసా, ఒక గుడ్డ. పిట్టల రెట్ట ఎండకి కాగితే క్లియర్ కోట్‌ని తినేస్తుంది. కనిపించిన వెంటనే స్ప్రే కొట్టి, కాసేపు నాననిచ్చి, రుద్దకుండా ఎత్తేయండి. దుమ్ము మీదే కవర్ కప్పడం కూడా మానండి, గాలికి కదిలి గీతలు పడతాయి.

కారుని ఎనిమిది పదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉండి, సీలెంట్ పట్టే ఓపిక లేకపోతే, అప్పుడు పొదుపు డబ్బుతో కోటింగ్ వేయించుకోండి. కారు కాస్త పాతబడ్డాక వేయిస్తే పెయింట్‌ని ముందు పాలిష్ చేయాలి, ఆ ఖర్చు కూడా కలిపి కొటేషన్ తీసుకోండి. మూడేళ్లలో అమ్మేసేట్టయితే ఆ ఆలోచనే వద్దు.