కారు గ్రిల్‌కి షీట్ కడితే నేరమా?

ఉప్పల్ నుంచి ఒకాయన రాశారు, మైలేజీ కోసం తన పెట్రోల్ కారు గ్రిల్‌ని బోర్డులకి వాడే సన్‌ప్యాక్ షీట్ కోసి, ఏసీ పైపులకి తొడిగే నల్ల ఫోమ్ కూరి, జిప్ టైలతో మూసేశారంట. నాగోల్ దగ్గర కానిస్టేబుల్ ఆపి ఇది మాడిఫికేషన్, ఆర్టీఓ పర్మిషన్ ఉందా అన్నాడంట. ఇది నేరమేనా అని ఆయన డౌట్.

చూడండి సార్, మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 చెప్పేది ఏంటంటే, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అని. మీ షీట్ వల్ల ఇంజిన్ మారలేదు, రంగు మారలేదు, కత్తెరతో నాలుగు టైలు కోస్తే బండి మళ్ళీ షోరూంలో ఉన్నట్టే ఉంటది, కాబట్టి ఇది సెక్షన్ 52 కిందకి రాదని గట్టిగానే వాదించొచ్చు. అలాగని ధీమాగా ఉండమని మాత్రం చెప్పను. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు కుదరవంది, అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. అందుకే చలాన్ వస్తే ముందు అందులో ఏ సెక్షన్ రాశారో చూడండి, 182ఏ అని ఉంటే కట్టేయకుండా నాలాంటి లాయర్లకి ఒకసారి చూపించండి. షీట్ అంచు గానీ టై గానీ నంబర్ ప్లేట్ మీదకి రావద్దు, అది వేరే కేసు.

నాకు అసలు భయం పోలీసులతో కాదు. ఆమధ్య ఇలాగే గ్రిల్ మూసిన ఒక క్లయింట్ ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్ట్ పట్టుకొచ్చారు, ఫోటోలో రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌లో ఇరుక్కుపోయిన జిప్ టై, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన సున్నా. ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ లోపలి సీల్) పోయింది, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో కవర్ కాదు, వారంటీ వాళ్ళేమో గాలి మీరే ఆపారు అన్నారు. చేతి డబ్బులు పెట్టుకుని బాగుచేయించుకున్నారు పాపం. ఈ గ్రిల్ మూసే అలవాటు చలిదేశాల్లో ఇంజిన్ తొందరగా వేడెక్కడానికి పనికొస్తది, మన దగ్గర ఏప్రిల్‌లో ఏసీ వేసుకుని ఉప్పల్ రింగు రోడ్డు ట్రాఫిక్‌లో నిలబడితే రేడియేటర్‌కి దక్కే కాస్త గాలీ మీ షీటే ఆపేస్తది.

ఒకవేళ మంటలంటుకుని క్లెయిమ్ పెట్టారనుకోండి, అగ్నిప్రమాదం పాలసీలో ఉంటది, షీట్ సాకుతో మొత్తం తిరస్కరిస్తే ఆ షీటే కారణమని రుజువు చేయాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీనే. ముందు కంపెనీకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, నెలలో తేల్చకపోతే హైదరాబాద్‌లోనే బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఫీజు లేదు. లేదంటే రెండేళ్ళలోపు జిల్లా కన్స్యూమర్ కమిషన్.

ఇప్పటికైతే షీట్ తీసేయండి, తీసే ముందూ తీసాకా రెండు ఫోటోలు తేదీ పడేలా తీసి దాచుకోండి, చలాన్ వస్తే అవే పనికొస్తాయి.