రీడైరెక్ట్‌ల చిక్కు విప్పడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. ఒక బట్టల షాపు వెబ్‌సైట్ చూసిపెడుతున్నాను. హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) పెట్టగానే ‘టూ మెనీ రీడైరెక్ట్స్’ (ఒక అడ్రస్ నుంచి మరో అడ్రస్‌కు మళ్లింపులు మరీ ఎక్కువయ్యాయి) అంటూ సైట్ ఆగిపోయింది. మూడు రోజులు తిప్పలు పడి సరిచేశాను. ఈ పనికి ఉద్యోగాలుంటాయా? ఇంట్లో ఏదో ఒక కోర్సులో చేరమంటున్నారు.

జవాబు: ఈ ఒక్క పనికే మనుషులు కావాలని ఎవరూ ప్రకటన ఇవ్వరు. కానీ హోస్టింగ్ సపోర్ట్, టెక్నికల్ ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైట్ సరిగా కనిపించేలా చూసే సాంకేతిక పని), వెబ్ డెవలప్‌మెంట్ చేసేవాళ్లకు తరచూ తగిలే తలనొప్పి ఇదే.

మూడు రోజులు ఎందుకు పట్టిందంటారు? బహుశా ఒక్కో సెట్టింగ్ మారుస్తూ బ్రౌజర్‌లో రిఫ్రెష్ కొట్టి ఉంటారు. సర్వర్ రీడైరెక్ట్‌కు ఇచ్చే నంబరు 301 అయితే అది శాశ్వత మార్పు కాబట్టి బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మీరు సర్వర్‌లో తప్పు దిద్దినా అది పాత దారినే పట్టుకుపోతుంది. అందుకే ‘కర్ల్’ కమాండ్ నేర్చుకోండి. సర్వర్ ఏ నంబరు ఇచ్చింది, ఎక్కడికి పొమ్మంది అన్నది ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మీరు ఏది మార్చారో రాయలేదు గానీ, నాకు అనుమానం సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవ మీద. అందులో ఎన్‌క్రిప్షన్ సెట్టింగ్‌గా ‘ఫ్లెక్సిబుల్’ ఎంచుకుంటే అది మీ సర్వర్‌ను మామూలు హెచ్‌టీటీపీలోనే అడుగుతుంది. సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌లో రమ్మంటుంది, అది మళ్లీ హెచ్‌టీటీపీలోనే వస్తుంది. ఇక గానుగెద్దు తిరుగుడే! సర్వర్‌లో హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ పెట్టి ‘ఫుల్ స్ట్రిక్ట్’కు మారిస్తే తీరిపోతుంది.

సైట్ తెరుచుకుంది కదా అని వదిలేయకండి. హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నది, లేనిది కలిపి ఒక్క హోమ్‌పేజీకే నాలుగు అడ్రస్‌లు. లినక్స్ సర్వర్లలో సాధారణంగా పేజీ అడ్రస్‌లోని పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా కూడా లెక్కే. ఒకటి ఖాయం చేసుకుని మిగతావన్నీ 301తో ఒకే గెంతులో అక్కడికి చేర్చండి. మెనూ లింకులు, సైట్‌మ్యాప్ (సైట్ పేజీల జాబితా), కెనానికల్ ట్యాగ్ (అసలు అడ్రస్ ఇదీ అని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే గుర్తు) కూడా అదే అడ్రస్ చూపాలి. ఈ ట్యాగ్‌ను గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 2009లో తెచ్చాయి. పాత అడ్రస్‌ల రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది.

కోర్సు సంగతి. ఎస్‌ఈఓ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టొద్దు. గూగుల్‌లో సైట్ ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్ ఉచితం, సైట్‌లోని లింకులన్నీ తిరిగి పరీక్షించే స్క్రీమింగ్ ఫ్రాగ్ కూడా 500 అడ్రస్‌ల దాకా ఉచితమే. డబ్బు పెట్టాలనుకుంటే లినక్స్, డీఎన్‌ఎస్ (సైట్ పేరును సర్వర్‌కు కలిపే వ్యవస్థ), ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష మీద పెట్టండి. ఎస్‌ఈఓ ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను.

ఈ వారమే ఒక పని చేయండి. ఏం చెడింది, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు అన్నది ఒక పేజీలో రాసి రెజ్యూమేకి జోడించండి. ముందుగా షాపు యజమానిని అడగండి. స్క్రీన్‌షాట్లలో పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల ఫోన్ నంబర్లు పడకుండా చూసుకోండి.