చదువుల సందేహాలు: కౌన్సెలింగ్ కంటే ముందే సీటు బుక్ చేసుకోవాలా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఊరు. మా ఆయన ఆటో నడుపుతడు, నేను బీడీలు చేస్త. బాబుకు ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్‌ల 41 వేల ర్యాంకు వచ్చింది, మేం బీసీ-డి. హైదరాబాద్ కాలేజీ పీఆర్వో అని ఒకాయన రోజూ ఫోన్ చేస్తుండు. కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) సీట్లు అయిపోతున్నయ్, 50 వేలు కట్టి టెన్త్, ఇంటర్ మెమోలు ఇచ్చిపోతే మేనేజ్‌మెంట్‌ల సీటు ఆపుతం, గవర్నమెంటు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ గూడ మేమే ఇప్పిస్తం అంటుండు. బాబు గూడ సీఎస్‌ఈనే గావాలంటుండు. ఏం జేయమంటరు?
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: అక్కా, ముందు ఆ మెమోలు బీరువాలో పెట్టి తాళం వేయండి. డబ్బులు కట్టొద్దు, ఒరిజినల్స్ అస్సలు ఇవ్వొద్దు. ఒకసారి అవి వాళ్ల చేతికి పోతే రేపు కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చినా సర్టిఫికెట్ల కోసం వాళ్ల ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే. ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని యూనివర్సిటీల పైన ఉండే యూజీసీ 2018లోనే కాలేజీలకి స్పష్టంగా చెప్పింది, అయినా ఉంచుకునేవాళ్లు ఉన్నారు.

ఇక అసలు సంగతి. మేనేజ్‌మెంట్ సీటుకి, అంటే కాలేజీ సొంతంగా ఇచ్చే సీటుకి, రీయింబర్స్‌మెంట్ రాదు, ఆయన ఎంత నమ్మకంగా చెప్పినా సరే. ప్రైవేట్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, అంటే ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్‌వి, గవర్నమెంట్ డబ్బు వచ్చేది ఆ 70లో సీటు తెచ్చుకున్న పిల్లలకే. చివర్లో కాలేజీలోనే జరిగే స్పాట్ అడ్మిషన్‌కి కూడా రాదు, ఈ సంగతి చాలామందికి చేరిపోయాక తెలుస్తుంది.

కన్వీనర్‌లో వచ్చినా బీసీలకి మొత్తం ఫీజు ఇచ్చేది 10 వేల లోపు ర్యాంకు వాళ్లకి. మీ బాబు ర్యాంకుకి ఏడాదికి 35 వేల వరకే ఇస్తారు, అది కూడా పల్లెలో ఉండే కుటుంబానికి ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, టౌన్‌లో అయితే 2 లక్షల లోపు ఉంటేనే. కాబట్టి కాలేజీ ఫీజు 90 వేలు అనుకోండి, మీ చేతి నుంచి ఏటా 55 వేలు, నాలుగేళ్లకి 2 లక్షల 20 వేలు. అదే మేనేజ్‌మెంట్‌లో అయితే ఫీజే 3 లక్షల 60 వేలు, పైన డొనేషన్ వేరే, దానికి రసీదు కూడా ఇవ్వరు. ఫీజు 35 వేలే ఉన్న కాలేజీలో కన్వీనర్ సీటు వస్తే ట్యూషన్ ఫీజు మీ మీద పడదు. బాబుని పక్కన కూర్చోబెట్టుకుని హాస్టల్ ఖర్చు, బస్సు ఖర్చు కూడా కలిపి ఈ లెక్క కాగితం మీద వేయండి, ఎందుకంటే ఇంట్లో పరిస్థితి పిల్లలకి తెలియక కాదు, అంకెల్లో ఎవరూ చూపించరు అంతే.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి, రీయింబర్స్‌మెంట్ డబ్బు టైమ్‌కి రాదు. బకాయిలు ఇవ్వలేదని 2025 నవంబర్‌లో ప్రైవేట్ కాలేజీలు బంద్ కూడా చేశాయి. ఆ భారం తెచ్చి పిల్లల మీద వేసి, ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అనే కాలేజీలు ఉన్నాయి. చేరే ముందే అదే కాలేజీలో సెకండియర్, థర్డియర్ పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని అడగండి, పీఆర్వోని కాదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మీసేవలో ఈ సంవత్సరం తేదీతో ఆదాయం సర్టిఫికెట్ తీయించండి, కులం సర్టిఫికెట్, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్‌లు రెడీగా పెట్టుకోండి. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో పోయినేడాది లాస్ట్ ర్యాంకుల లిస్టు ఉంటుంది, కాలేజీవారీగా, బ్రాంచ్‌వారీగా, కేటగిరీవారీగా. అందులో బీసీ-డి బాయ్స్ కాలమ్ చూసి 41 వేల దగ్గర ఏముందో రాసుకోండి. మీకు దగ్గర్లోనే కొండగట్టు నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, అక్కడ సీఎస్‌ఈ కాకపోయినా వేరే బ్రాంచ్‌లకి ర్యాంకు ఎక్కడిదాకా వెళ్లిందో తప్పకుండా చూడండి, ఇంటి నుంచి పోయి రావచ్చు. ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ), ఎలక్ట్రికల్ (ఈఈఈ) చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన పిల్లలు బోలెడుమంది, బ్రాంచ్ పేరు కోసం అప్పు చేయడం నాకైతే ఇష్టం లేదు.

వెబ్ ఆప్షన్లు, అంటే వెబ్‌సైట్‌లో మీకు కావాల్సిన కాలేజీలు, బ్రాంచ్‌లు, పదో పదిహేనో పెట్టి ఆపేయకండి, ఎన్నైనా పెట్టొచ్చు, ఇష్టం ఎక్కువున్నది పైన పెట్టాలి. సీటు వచ్చాక ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే చేరతానని నమోదు, చేయకపోతే ఆ సీటు పోతుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే, చేతిలో ఉన్నదానికంటే మంచివి మాత్రమే పెట్టండి, కొత్త సీటు వచ్చిందంటే పాతది వేరేవాళ్లకి వెళ్లిపోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు.

మీకు బీడీ కార్మికుల కార్డు ఉంటే కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ కూడా ఉంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి, ఇంజినీరింగ్‌కి ఏడాదికి 25 వేల దాకా ఇస్తారు. కానీ ఇదీ, రీయింబర్స్‌మెంటూ రెండూ కలిపి తీసుకోకూడదు కాబట్టి బాబుకి 35 వేలదే మేలు. ఇంట్లో స్కూలుకి పోయే పిల్లలుంటే వాళ్ల కోసం ఆ కార్డు వాడుకోండి. హైదరాబాద్‌లో సీటు వస్తే బీసీ వెల్ఫేర్ కాలేజీ హాస్టల్‌కి వెంటనే అప్లై చేయండి, ఆలస్యం చేస్తే నిండిపోతాయి.

ప్రశ్న: నాన్న కౌలు రైతు, మేం ఓసీ. ఎన్ఐటీల్లాంటి కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలకి జరిగే జోసా కౌన్సెలింగ్‌లో తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సీటు వచ్చింది. ఫీజు చూసి ఇంట్లో భయపడుతున్నారు, బ్యాంకుకి వెళ్తే పొలం కాగితాలు తెమ్మన్నారు, మాకు సొంత పొలమే లేదు. సీటు వదిలేయమంటారా?
– ఇంటర్ పూర్తయిన అమ్మాయి, గుంటూరు జిల్లా

జవాబు: వదలొద్దు తల్లీ. ఎన్ఐటీల్లో ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల దాకా ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. సెమిస్టర్‌కి 62,500 అని చూసి భయపడ్డారు కదా, రెండొంతులు పోతే మిగిలేది 21 వేల లోపే. సచివాలయంలో ఆదాయం సర్టిఫికెట్‌కి ఇవాళే అప్లై చేయండి, అది లేకపోతే మాఫీ లేదు. హాస్టల్, మెస్ మాత్రం మీరే కట్టాలి.

దానికి లోన్ తీసుకోండి. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర ప్రభుత్వ చదువుల లోన్ పథకం కింద ఎన్ఐటీ సీటుకి తాకట్టూ అక్కర్లేదు, హామీదారూ అక్కర్లేదు. బ్యాంకులో నోటిమాటగా అడగకుండా పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లోనే అప్లై చేసి, అడ్మిషన్ లెటర్, ఫీజు వివరాలు అప్‌లోడ్ చేయండి, ఇవ్వం అంటే కారణం రాసి ఇవ్వమని అడగండి. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే చదువు అయ్యేదాకా, ఆ పైన ఒక ఏడాది దాకా వడ్డీ గవర్నమెంటే కడుతుంది, వాయిదాలు కూడా ఆ తర్వాతే మొదలవుతాయి. లాప్‌టాప్ ఖర్చు కూడా ఆ అప్లికేషన్‌లోనే చూపించండి.