ఫైబ్రాయిడ్ ఆపరేషన్ తర్వాత లోపల అతుక్కుపోకుండా ఉండాలంటే?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. గర్భసంచి వెనక గోడలో 6 సెం.మీ. ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) ఉంది, తీసేయాలన్నారు. మా అక్కకి సిజేరియన్ అయిన కొన్నేళ్లకి పేగులు అతుక్కుపోయాయని మళ్లీ ఆపరేషన్ చేశారు. నాకూ అలా అవుతుందేమోనని భయంగా ఉంది. పప్పు తినొద్దు, నీళ్లు తక్కువ తాగు, బెల్ట్ కట్టుకుంటే అతుక్కోవు అని ఇంట్లో అంటున్నారు. నిజమేనా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

సలహా: ముందు పప్పు సంగతి తేల్చేద్దాం అమ్మా. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లల్లో అంటూనే ఉంటారు గానీ దానికీ లోపలి అతుకులకీ ఏ సంబంధం లేదు, పైగా పుండు మానాలంటే ప్రొటీన్ కావాలి, నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వచ్చి ముక్కినప్పుడల్లా కుట్లు లాగుతాయి, అంతకుమించి ఒరిగేదేం లేదు. బెల్ట్ కట్టుకుంటే లేచి నడిచేటప్పుడు ఊతంగా ఉంటుంది, కట్టుకోండి, కానీ దాని పని బయటే.

కడుపులో పేగులు, గర్భసంచి, ట్యూబులు అన్నిటి మీదా నున్నటి పల్చటి పొర ఉంటుంది, దానివల్లే అవి ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. కోసినచోట, ఒరుసుకున్నచోట, గాలికి ఎండినచోట ఆ పొర దెబ్బతిని ఫైబ్రిన్ అనే జిగురు పదార్థం చేరుతుంది. మామూలుగా కొద్ది రోజుల్లో కరిగిపోవాలి, రక్తం నిలిచినా ఇన్ఫెక్షన్ ఉన్నా సరిగా కరగక గట్టి పట్టీలా మారిపోతుంది. ఇదంతా చాలావరకు మొదటి వారంలోనే తేలిపోతుంది, మీరు ఇంటికొచ్చి కుట్లు చూపించుకునే టైముకి లోపల అవ్వాల్సింది అయిపోయి ఉంటుంది. అందుకే తర్వాత ఏం చేయాలని నన్ను అడిగేవాళ్లని, ముందు మీ సర్జన్‌ని ఏం అడిగారని నేను ఎదురడుగుతా.

మొట్టమొదట అడగాల్సింది, అసలు తీయాలా అని. ఫైబ్రాయిడ్ గర్భసంచి లోపలి గదిని నొక్కుతుంటే, బ్లీడింగ్ ఎక్కువుంటే తీయడంలో అర్థముంది. గదిని తాకకుండా, ఏ ఇబ్బందీ పెట్టకుండా గోడలోనే ఉంటే మాత్రం, పిల్లల కోసమని తీస్తే లాభం ఎంతన్నది అంత తేలిగ్గా చెప్పలేం. చేయని ఆపరేషన్‌కి అతుకులు రావు కదా.

తీయాల్సిందే అంటే, మీది వెనక గోడ కాబట్టి కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి, అక్కడ కోత పెడితే పేగులు, ట్యూబులు, అండాశయాలు వచ్చి దానికే ఆనుకుంటాయి, ముందు గోడ కంటే అతుకులు ఎక్కువ. ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) సాధారణంగా తక్కువ వస్తాయి, కానీ అందులో కుట్లు బాగా వేసే చెయ్యి దొరకాలి, లేదంటే ఓపెనే నయం అంటాను నేను. కోతలు వీలైనంత తక్కువ పెట్టడం, రక్తం పూర్తిగా ఆపడం, సెలైన్‌తో కడగడం, పౌడర్ లేని గ్లౌజులు (ఆ పౌడర్ కూడా అతుకులకి కారణమే, అమెరికాలో 2017లో పౌడర్ గ్లౌజులు నిషేధించారు), ఇవన్నీ సర్జన్ చేతిలోని పనులు.

అతుక్కోకుండా మధ్యలో అడ్డుపెట్టే బ్యారియర్ గురించి కూడా అడగండి. ఇంటర్‌సీడ్ లాంటి పల్చటి షీట్ కుట్ల మీద పరుస్తారు, అది దానంతటదే కరిగిపోతుంది, అయితే కింద రక్తం కారుతుంటే పనిచేయదు. జెల్‌లు, కడుపులో వదిలేసే ద్రవాలు కూడా ఉన్నాయి. ఖర్చవుతుంది. అతుకులు తగ్గిస్తాయిగానీ, దానివల్ల గర్భం వచ్చే అవకాశం పెరుగుతుందని గట్టి రుజువు లేదు, కాబట్టి అప్పుచేసి మరీ పెట్టించుకోవాల్సిందేమీ కాదు.

మీ అక్కలా అందరికీ అవ్వదు, అతుకులున్న చాలామందికి ఏ బాధా ఉండదు. ఆపరేషన్ తర్వాత త్వరగా లేచి నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి, అతుకుల కోసం కాదు. జ్వరం, వాసనతో డిశ్చార్జ్ ఉంటే వెంటనే చూపించుకోండి. ఎన్నేళ్ల తర్వాతైనా సరే కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో పసరు వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే ఈనో తాగుతూ ఇంట్లో కూర్చోకుండా ఆ రాత్రే హాస్పిటల్‌కి వెళ్లాలి.

ఇంకోటి, డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి, కోత ఎక్కడ పెట్టారు, గది తెరుచుకుందా, బ్యారియర్ పెట్టారా అన్నీ అందులో ఉండాలి, రేపు మీ కాన్పు నార్మలా సిజేరియనా అన్నది ఆ కాగితం చూసే మాట్లాడాల్సొస్తుంది.