ఈసినోఫిల్స్, ఐజీఈ రెండూ పెరిగితే రెండు రోగాలు కావు

మీ తమ్ముడికి ఈసినోఫిల్స్ (తెల్ల కణాల్లో ఒక రకం) 18 శాతం, ఐజీఈ (అలర్జీల్లో, పురుగులున్నప్పుడు పెరిగే యాంటీబాడీ) 2,400 వచ్చాయనీ, డాక్టరు గారు "ఇదంతా టీ కణాల వల్ల" అనేసరికి ఏమీ అర్థంకాక టెన్షన్ పడుతున్నాననీ రాశారు. నేను దాదాపు ఏడాది ఇలాగే నలిగిపోయాను కాబట్టి చెబుతున్నా.

మాది భీమవరం దగ్గర పల్లె. రాత్రి రెండయిందంటే పొడి దగ్గు, పిల్లికూతలు, పడుకోలేక గోడకి ఆనుకుని తెల్లవార్లూ కూర్చునేదాన్ని. ఇంట్లోవాళ్లు ఈస్నోఫీలియా అన్నారు, ఒక ఆసుపత్రిలో ఆస్తమా అన్నారు, సెట్రిజిన్, ఇన్‌హేలరు, మధ్యమధ్యలో స్టెరాయిడ్ బిళ్లలు. ఆ బిళ్లలు వేసుకున్నన్నాళ్లు ఈసినోఫిల్స్ తగ్గేవి, ఆపగానే మళ్లీ మొదటికే. ఎందుకు పెరుగుతున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు, నాకూ అడగాలని తెలియలేదు.

చివరికి ఒక ఛాతీ డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. టీ కణాలంటే మన రోగనిరోధక శక్తిని నడిపించే తెల్ల కణాలు, వాటిలో టీహెచ్2 అనే రకం ఉంది. అది ఐఎల్-5 అనే పదార్థం వదిలితే ఎముక మజ్జలో ఈసినోఫిల్స్ ఎక్కువగా తయారవుతాయి, ఐఎల్-4, ఐఎల్-13 వదిలితే బీ కణాలు మామూలు యాంటీబాడీలు మాని ఐజీఈ చేయడం మొదలుపెడతాయి. అంటే రెండు నంబర్లకీ వెనక ఉన్న కణం ఒకటే. మందుల్ని చూస్తే ఇది బాగా తెలుస్తుంది: మెపోలిజుమాబ్ ఐఎల్-5ని పట్టేస్తుంది, ఈసినోఫిల్స్ తగ్గుతాయి. డుపిలుమాబ్ ఐఎల్-4, 13 దారి మూసేస్తుంది, ఐజీఈ మెల్లగా దిగుతుంది కానీ రక్తంలో ఈసినోఫిల్స్ కొందరికి కొన్నాళ్లు పెరుగుతాయి కూడా, ఎందుకంటే అవి రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి, చర్మంలోకి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది.

అయితే అసలు ప్రశ్న, టీ కణాన్ని రెచ్చగొట్టింది ఏది? దుమ్ము పురుగులు కావచ్చు, కడుపులో నులిపురుగులు కావచ్చు, వాడుతున్న ఏదైనా మందు కావచ్చు. అరుదుగా టీ కణాల్లోనే లోపం ఉంటుంది, పైన సీడీ3 గుర్తు పోయి సీడీ4 మాత్రం మిగిలిన ఒక గుంపు తనంతట తానే ఐఎల్-5 వదులుతూ పోతుంది. కొందరిలో అది లింఫోమాగా (ఒక రకం క్యాన్సర్‌గా) మారే అవకాశం ఉంటుంది కాబట్టి కారణం దొరక్కపోతే కణాల మీది ఈ గుర్తుల్ని చూసే రక్తపరీక్ష, ఫ్లో సైటోమెట్రీ, చేయించమని అడగండి.

నాకు కారణం ఫైలేరియా. బోదకాలు లేదు, రాత్రిపూట తీసిన రక్తంలో పురుగూ కనపడలేదు, ఎందుకంటే ఈ రకంలో పిల్ల పురుగులు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయట, టీ కణాలు అక్కడే వాటి మీద విరుచుకుపడతాయి. ఈసినోఫిల్స్ 4,000 పైన, ఐజీఈ 5,000 పైన ఉండటం, మా ఊరు, రాత్రి దగ్గు, ఈ మూడూ కలిపి చూసి మూడు వారాలు డీఈసీ అనే ఫైలేరియా మందు ఇచ్చారు. మా భీమవరంలోనే పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధన నడిపిస్తున్నప్పుడు బయటికొచ్చిన మందది, తర్వాత తెలిసి ఏడ్చేశాను. రెండో వారంలోనే దగ్గు ఆగింది, ఈసినోఫిల్స్ తొందరగానే దిగాయి, ఐజీఈకి మాత్రం నెలలు పట్టింది. కాబట్టి ఐజీఈ వెంటనే తగ్గలేదని కంగారు పడొద్దు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు స్ట్రాంగిలాయిడ్స్ అనే నులిపురుగు ఉందేమో చూడమనండి, అది ఉండగా స్టెరాయిడ్ వాడితే పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావచ్చు.

శాతం చూసి ఏమీ చెప్పలేం. మొత్తం తెల్ల కణాలు 7,000 అయితే 18 శాతం అంటే 1,260, అదే 15,000 అయితే 2,700. 1,500 దాటి అలాగే ఉండిపోతుంటే గుండెకి ఎకో (స్కానింగ్) కూడా తీయించాలి. రిపోర్టులో మొత్తం తెల్ల కణాల లెక్క ఎంతుందో రాయండి, తమ్ముడికి దగ్గు రాత్రిపూటే వస్తుందా, ఏయే మందులు వాడాడో కూడా.